హార్మోనియం పట్టుకున్న తప్పు

పిల్లలూ, మన ఖరగ్‌పూర్‌లో దసరా అంటే ముందుగా చెవిన పడేది దుర్గాపూజ పందిళ్ల ఢాక్ మోత. అది కాస్త సద్దుమణిగిన చోట, రైల్వే క్వార్టర్ల వెనక, హార్మోనియం వినిపిస్తుంది. అది మనవాళ్లది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు వెంట తెచ్చుకున్నవాటిలో పద్యనాటకం ఒకటి.

పద్యనాటకంలో పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ పద్యం ఎత్తుకుంటుంది. బాగా పాడితే జనం 'వన్స్‌మోర్' అంటారు, మళ్లీ పాడాల్సిందే. మీ బెంగాలీ స్నేహితులకు 'మా జాత్రా' అని చెప్పండి, చటుక్కున అర్థమవుతుంది. నాటకమే వృత్తిగా బతికిన సురభివారి లాంటివారు ఒకవైపు ఉంటే, ఉద్యోగాలు చేసుకుంటూ వేషం కట్టినవారు మరోవైపు. 1880లలో బళ్లారిలో 'సరసవినోదిని' సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. మన కాలనీ పెద్దలకూ అంతే: పగలు వర్క్‌షాపు, రాత్రి రిహార్సలు.

ఈసారి వాళ్లు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వేశారు. పండగపూట శ్మశానమేమిటని అడక్కండి, జనం అడిగేది అదే! ఆ సీనులో జాషువా పద్యాలు కూడా పాడతారు. ఒకరి నాటకంలోకి మరొక కవి పద్యాలను నటులే తెచ్చి కలిపేశారు. మా పెద్దలూ ఆ దారినే పోయి, లోహితాస్యుడి వేషం వేసే పిల్లవాడి కోసం ఒక చిన్న తేటగీతి సొంతంగా కట్టారు.

ఆ వేషం మా ఆరో తరగతి అబ్బాయికి వచ్చింది. నాలుగు ఊళ్లు మారి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, ఆటల్లో బెంగాలీ. తెలుగు చదవడం రాదు. అందుకని పద్యాన్ని హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు. మేము చూసీ చూడనట్టు ఊరుకున్నాం. ముందు మాట నోటికి రానీ, అక్షరాలు తర్వాత నేర్పవచ్చు అనుకున్నాం. పైగా వాళ్ల నాన్నగారికి అప్పటికే బదిలీ ఆర్డరు వచ్చేసింది. దసరా కాగానే ప్రయాణం. ఆ 'తర్వాత' ఎప్పుడో మేము ఆలోచించలేదు.

రిహార్సలులో మొదటి మాట దగ్గరే హార్మోనియం ఆగిపోయింది. వాయించే తాతగారు కళ్లజోడు పైకెత్తి, "ఏట్రా బాబూ, కొడుకు కాస్తా సాగిపోనాడు?" అన్నారు. అందరూ నవ్వారు. పిల్లవాడు మాత్రం కాగితం చూసుకుని, "నేను రాసుకున్నదే పాడాను తాతా" అన్నాడు.

వాడి తప్పు లేదు. మీరు బడిలో నేర్చుకున్న హిందీ అక్షరాల్లో ఎ, ఏలకు వేరువేరు గుర్తులు లేవు. ఒ, ఓలకూ లేవు. బెంగాలీలోనూ అంతే. 'కొడుకు' అని అక్కడ రాస్తే 'కోడుకు' అనే చదువుతాం. ఇప్పుడు లెక్క చూడండి. 'కొడుకు'లో మూడూ లఘువులే, III, న గణం. 'కోడుకు' అంటే మొదటిది గురువైపోయి UII, భ గణం. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, తర్వాత రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు రావాలి. న సూర్యగణం, భ ఇంద్రగణం. సూర్యుడు కూర్చోవలసిన పీటమీద ఇంద్రుడు కూర్చున్నాడన్నమాట. తాతగారు ఛందస్సు చదువుకున్నవారు కారు. ఆయన చెవికే ఒక మాత్ర ఎక్కువైనట్టు తెలిసిపోయింది.

రాగం తీసేటప్పుడు అక్షరం సాగుతుంది కదా అని మీరు అడగవచ్చు. సాగుతుంది, కానీ మాట చెడకుండా సాగాలి. రాయబారం సీనులో కృష్ణుడి వేషానికి పేరుపడ్డ పీసపాటి నరసింహమూర్తి గారు రాగం తగ్గించి, మాట స్పష్టంగా వినిపించేలా పాడేవారు. ఆయనా ఉత్తరాంధ్ర వారే.

ఆ సాయంత్రం మేము వాడికి నాలుగే గుర్తులు నేర్పాం: ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. మిగతా అక్షరాలకు సమయం లేదు. నాటకం రోజు వాడి చేతిలోని కాగితం నిండా హిందీ అక్షరాలే, వాటి మధ్య అక్కడక్కడా తెలుగు 'కొ', తెలుగు 'నె'. పద్యం సరిగ్గా పాడాడు. తాతగారి హార్మోనియం ఎక్కడా ఆగలేదు. ఆ కాగితం పట్టుకునే కొత్త ఊరు వెళ్లాడు.

అభ్యాసం: నెల, మెడ, తెగ, చెరువు, పొలము. ఈ మాటలను హిందీలో రాసి, మీ పక్కవారిచేత చదివించండి. ఏ మాటకు అర్థమే మారిపోయింది? దేనికి గణం మారింది? గురులఘువులు గుర్తించి తీసుకురండి.