చిన్న విమానంలో స్నాగ్ వస్తే



శిక్షణ విమానంలో తలెత్తే లోపాల్లో (పైలట్ల మాటల్లో స్నాగ్‌లు) చాలావాటితో విమానం ఎగరడం ఆగదు. గాల్లో తలుపు తెరుచుకున్నా సెస్నా 152 లాంటి శిక్షణ విమానం ఎగురుతూనే ఉంటుంది. తలుపు మూసే హడావుడిలో వేగాన్ని గమనించకపోవడమే ప్రమాదం. అందుకే పైలట్లకు నేర్పే వరస ఒకటుంది: ఏవియేట్, నావిగేట్, కమ్యూనికేట్. ముందు విమానాన్ని అదుపులో ఉంచాలి, తర్వాత ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి, ఆపైనే రేడియోలో మాట్లాడాలి.

నేల మీద దొరికిన లోపానికి ఖర్చు తక్కువ. ట్యాంకు అడుగు నుంచి తీసిన 100 ఎల్ఎల్ పెట్రోలు నీలంగా ఉండాలి. అందులో నీరుంటే నమూనా పట్టిన గొట్టం అడుగున వేరుగా కనిపిస్తుంది. సెస్నా 152లో 1,700 ఆర్‌పీఎం దగ్గర, ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటోలను ఒక్కొక్కటిగా పరీక్షించినప్పుడు ఏ ఒక్కదానికీ ఆర్‌పీఎం 125కు మించి పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. దాటితే ఆ సార్టీ (ఆ ప్రయాణం) రద్దు. వెనక మరో విమానం వేచి ఉందని ఈ అంకెల్ని సడలించకూడదు.

టేకాఫ్ పరుగులో వేగం ముల్లు కదలకపోతే, రన్‌వే మిగిలి ఉండగానే థ్రాటిల్ మూసి ఆగాలి. వేగాన్ని కొలిచే పిటో గొట్టంలో పురుగు దూరినా, దాని కవరు తీయడం మరిచినా ఇలా జరుగుతుంది. నేల విడిచిన కాసేపటికే ఇంజిన్ ఆగితే వెంటనే ముక్కు దించి, ఎదురుగా ఉన్న చోటులోనే దిగాలి. వెనక్కి తిరిగి రన్‌వే అందుకోవాలని చూడకూడదు. తక్కువ ఎత్తులో, తగ్గిపోతున్న వేగంతో తీసుకునే మలుపు స్టాల్‌కు (రెక్కలు లిఫ్ట్ కోల్పోవడానికి) దారితీయవచ్చు.

ఎత్తులో ఉండగా ఇంజిన్ ఆగితే కొంత వ్యవధి దొరుకుతుంది. మొదట సెస్నా 152కు 60 నాట్ల గ్లైడ్ వేగం పట్టి, దిగడానికి అనువైన పొలం ఎంచుకోవాలి. ఆ తర్వాత ఇంధన వాల్వు, మిక్స్చర్, మ్యాగ్నెటో స్విచ్, కార్బ్యురేటర్ హీట్ చూసుకోవాలి. మళ్లీ స్టార్ట్ కాకపోతే మేడే పిలుపు, ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700.

ఇంజిన్ ఆగకుండా ఆర్‌పీఎం మెల్లగా పడిపోతుంటే కార్బ్యురేటర్‌లో మంచును అనుమానించాలి. గాలిలో తేమ బాగా ఉంటే బయట 20 డిగ్రీల వేడిలోనూ అది పేరుకుంటుంది. కార్బ్యురేటర్ హీట్‌ను పూర్తిగా లాగాలి. కరిగిన నీరు ఇంజిన్‌లోకి వెళ్తుంటే మొదట అది ఇంకా గరుకుగా నడుస్తుంది. అప్పుడు భయపడి హీట్ తీసేస్తే చేసిన పని వృథా. కాస్త ఆగితే ఆర్‌పీఎం తిరిగి పెరుగుతుంది.

ఆల్టర్నేటర్ పోయినా ఇంజిన్ ఆగదు. నిప్పురవ్వ మ్యాగ్నెటోల నుంచి వస్తుంది, పెట్రోలు రెక్కల నుంచి తన బరువుతోనే దిగుతుంది. చెక్‌లిస్టు ప్రకారం స్విచ్ ఒకసారి ఆపి వేసి చూడాలి. ఫలితం లేకపోతే అక్కర్లేని లైట్లు, రేడియోలు ఆపి, బ్యాటరీని పొదుపు చేసుకుంటూ దగ్గరి ఏరోడ్రోమ్‌కు వెళ్లాలి. ఫ్లాప్స్ కరెంటుతోనే పనిచేస్తాయి కనుక, అవి లేకుండా దిగడానికీ సిద్ధంగా ఉండాలి. అలా దిగితే వేగం ఎక్కువ, రన్‌వే ఎక్కువ కావాలి.

వాక్యూమ్ పంపు చెడితే యాటిట్యూడ్, హెడింగ్ సూచికలు నమ్మదగ్గవి కావు. పగటిపూట దిగంతం స్పష్టంగా కనిపిస్తుంటే బయట చూస్తూ ఎగరవచ్చు, మేఘాలకు మాత్రం దూరంగా ఉండాలి.

రేడియో మూగబోతే ముందు వాల్యూమ్, ఫ్రీక్వెన్సీ, హెడ్‌సెట్ ప్లగ్గు చూడాలి. అయినా పలకకపోతే ట్రాన్స్‌పాండర్‌లో రేడియో వైఫల్య కోడ్ 7600 పెట్టి, ఏరోడ్రోమ్ సర్క్యూట్‌లో మిగతా విమానాలను గమనిస్తూ టవర్ లైటు కోసం చూడాలి. ఆగకుండా వెలిగే పచ్చ లైటు దిగడానికి అనుమతి. ఆగకుండా వెలిగే ఎర్ర లైటైతే ఇతర విమానాలకు దారిచ్చి చక్కర్లు కొట్టాలి.

దిగాక మరో పని మిగులుతుంది. ఏ ఎత్తులో, ఎంత ఆర్‌పీఎం దగ్గర, ఎంతసేపు లోపం కనిపించిందో టెక్నికల్ లాగ్‌లో రాయాలి. లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజనీర్ సరిచేసి సంతకం పెట్టేదాకా ఆ విమానం ఎగరకూడదు. రాయకుండా వదిలేస్తే అదే లోపంతో మరో శిక్షణార్థి సోలోకు వెళ్తాడు.