సెక్షన్ 8 కంపెనీ ఎలా పెట్టాలి? సంగంలో కూర్చుని నేర్చుకుందాం

మన ఊరు సంగం సెంటర్లో టీ తాగి ఫోనుతో డబ్బు కడుతుంటాం కదా. ఆ యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ లాభాపేక్ష లేని కంపెనీయే. 2008లో అది ఏర్పడినప్పుడు 1956 కంపెనీల చట్టంలో ఇలాంటి వాటిని సెక్షన్ 25 కంపెనీలనేవారు. 2013 చట్టం వచ్చాక అవే సెక్షన్ 8 కంపెనీలయ్యాయి. హైదరాబాద్‌లో అంకుర సంస్థలకు తోడ్పడే టీ-హబ్ కూడా ఈ కోవలోదే. అంత పెద్దవాటికీ, మన ఊళ్లో ఇద్దరు కలిసి పెట్టుకునేదానికీ చట్టంలో సెక్షన్ ఒక్కటే.

అభ్యాసం కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉదయగిరి కొయ్య చెంచాల పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పనిని పిల్లలకు నేర్పే సంస్థ ఒకటి పెట్టాలి, ఆఫీసు సంగంలో ఉండాలి. మొదలుపెడదాం.

ముందుగా తేల్చుకోవాల్సింది

కంపెనీకి వచ్చిన మిగులంతా ఆశయానికే ఖర్చు కావాలి. సభ్యులకు డివిడెండు ఉండదు. మూసేసినా, అప్పులు తీరాక మిగిలిన ఆస్తి మన ఇంటికి రాదు. చెంచాలు అమ్మిన లాభాన్ని పనివాళ్లే పంచుకోవాలనుకుంటే ఈ దారి వద్దు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సంఘమో, ఉత్పత్తిదారుల కంపెనీయో పెట్టుకోవాలి. ఈ మాట సభ్యులందరి ముందూ పైకి చెప్పి ఒప్పుకున్నాకే కాగితం పట్టుకుందాం.

కావలసినవి

- ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు. ఆ ఇద్దరే రెండు పాత్రల్లోనూ ఉండొచ్చు. డైరెక్టర్లలో ఒకరైనా ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉండాలి.
- అందరి పాన్, ఆధార్, ఫొటోలు. ఓటరు కార్డు లాంటి గుర్తింపు. చిరునామాకు బ్యాంకు స్టేట్‌మెంటు లేదా బిల్లు.
- ఆఫీసు ఇంటి కరెంటు బిల్లు, యజమాని అంగీకార పత్రం, అద్దెదైతే అద్దె ఒప్పందం.
- ప్రాక్టీసులో ఉన్న ఒక సీఏ, కంపెనీ సెక్రటరీ (సీఎస్), కాస్ట్ అకౌంటెంట్ లేదా న్యాయవాది. వారి ధ్రువీకరణ తప్పనిసరి.

కనీస మూలధనం ఇంత ఉండాలన్న నిబంధన లేదు.

చేసే పద్ధతి

1. ఆశయం తెలుగులో రాద్దాం. ఎవరికి, ఏం, ఎక్కడ చేస్తామో ఒక పేజీలో రాయండి. కళ, విద్య, క్రీడలు, పరిశోధన, సంక్షేమం, ధర్మకార్యం, పర్యావరణం వంటివి చట్టం ఒప్పుకున్న ఆశయాలు. మన చెంచాల పని కళ కిందికీ విద్య కిందికీ వస్తుంది. అన్నీ చేసేస్తామని రాయకండి. ఆశయాన్ని తర్వాత మార్చాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి.

2. పేర్లు సరిచూద్దాం. మన దగ్గర పని ఆగేది ఎక్కువగా ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉంటుంది. పుట్టిన తేదీ కూడా తేడాగా ఉండొచ్చు. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. తేడా ఉంటే ముందు అది దిద్దించుకుందాం.

3. డిజిటల్ సంతకాలు తీసుకుందాం. సభ్యులకూ డైరెక్టర్లకూ క్లాస్ 3 సంతకం కావాలి. ఫోనులో వీడియో తీసి గుర్తింపు చూస్తారు కాబట్టి, సిగ్నల్ బాగా అందే చోట కూర్చోండి.

4. కంపెనీ పేరు ఖాయం చేద్దాం. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో స్పైస్ ప్లస్ ఫారం ఉంటుంది. దాని పార్ట్ ఎలో రెండు పేర్లు ఇవ్వొచ్చు, రుసుము 1,000 రూపాయలు. పేరులో ఫౌండేషన్, ఫోరం, అసోసియేషన్, కౌన్సిల్ లాంటి మాట ఉండాలి. ప్రైవేట్ లిమిటెడ్ అని పెట్టక్కర్లేదు. పేరు 20 రోజులే మనకోసం ఆగుతుంది. అందుకే మిగతా కాగితాలు సిద్ధమయ్యాకే ఈ మెట్టు ఎక్కాలి.

5. పత్రాలు తయారుచేద్దాం. ఆశయ పత్రం ఐఎన్‌సీ-13 నమూనాలో ఉండాలి. దానితో నియమావళి, రాబోయే 3 ఏళ్ల ఆదాయ వ్యయాల అంచనా, ఐఎన్‌సీ-14లో నిపుణుడి ప్రకటన, ఐఎన్‌సీ-15లో మన ప్రకటన, డీఐఆర్-2లో డైరెక్టర్ల అంగీకారం జతచేయాలి. అంచనాలో పెద్ద అంకెలు వేయకండి. శిక్షకుడి జీతం, కొయ్య, పనిముట్లు, అద్దె, ఆడిట్ ఖర్చు అంటూ నిజంగా అయ్యేవే రాయండి.

6. పార్ట్ బి నింపుదాం. లైసెన్సు కోసం ఇప్పుడు విడిగా దరఖాస్తు పెట్టనక్కర్లేదు, ఇందులోనే వస్తుంది. డైరెక్టరు నంబరు లేనివారికి ముగ్గురి వరకు ఇక్కడే ఇస్తారు. దీనికి జతగా నింపే అజైల్ ప్రో-ఎస్ ఫారంతో బ్యాంకు ఖాతా కూడా మొదలవుతుంది. లోపం చూపి తిప్పి పంపితే కంగారు పడొద్దు. వాళ్లు రాసిన ప్రతి మాటకూ జవాబిచ్చి గడువులోగా మళ్లీ పంపుదాం.

7. సర్టిఫికెట్ రాగానే గడువులు గోడమీద రాసుకుందాం. దానితోపాటే కంపెనీకి పాన్, టాన్ వస్తాయి. 30 రోజుల్లో మొదటి బోర్డు సమావేశం, ఆడిటర్ నియామకం జరగాలి. వాటా మూలధనం ఉంటే సభ్యులు డబ్బు ఖాతాలో వేశాక, 180 రోజుల్లో పని మొదలుపెట్టామన్న ప్రకటనను ఐఎన్‌సీ-20ఎలో దాఖలు చేయాలి.

తరచూ జరిగే పొరపాట్లు

- పాత కరెంటు బిల్లు. బిల్లు రెండు నెలలు దాటకూడదు. ఒకసారి మేం అన్నీ సర్దుకునేసరికి బిల్లుకు మూడో నెల వచ్చింది, దరఖాస్తు వెనక్కి వచ్చింది. బిల్లు చివరగా తీసుకోండి.
- తాతగారి పేరు మీద మీటరు. ఆయన లేకపోతే అంగీకార పత్రం ఎవరిస్తారు? ముందే పేరు మార్పించండి, లేదా వేరే ఇల్లు చూసుకోండి.
- విదేశీ విరాళం. అమెరికాలో ఉన్నవారు భారత పౌరులుగానే ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి దగ్గర విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు.
- పన్ను మినహాయింపు దానంతటదే వస్తుందనుకోవడం. దానికి ఆదాయపు పన్ను శాఖలో విడిగా నమోదు కావాలి. దాతలకు ఆ హామీ ముందే ఇవ్వకండి.
- ఏటా పెట్టే లెక్కలు మరవడం. ఆర్థిక లెక్కల ఫారం ఏఓసీ-4, వార్షిక రిటర్ను ఎంజీటీ-7 ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. ఏడాది మరిచామంటే పిల్లల పనిముట్ల డబ్బు దానికే పోతుంది.

ఈ రోజు చేయాల్సింది మొదటి మెట్టొక్కటే. ఆశయం రాసిన పేజీని ఉదయగిరిలో చెంచాలు చెక్కేవారికి చదివి వినిపించండి. వాళ్లకు అర్థం కాని వాక్యాన్ని తిరగరాయండి. ఆ కంపెనీ ఎవరికోసమో వాళ్లు ఒప్పుకున్నాకే మిగతా కాగితాలు.