మెదడుకు ప్రాణవాయువు

మానవ శరీరపు బరువులో మెదడు భాగం సుమారు 2 శాతమే. అయినను, విశ్రాంతి సమయంలో శరీరం వినియోగించే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. ఆ వాయువును నిల్వ చేసుకొనే శక్తి మెదడుకు లేదు. రక్తప్రసారం కొద్ది నిమిషాలు ఆగినా నాడీకణాలు నశింపసాగుతాయి.

తలకు గాయమైన క్షణంలో కలిగే నష్టం ఒకటి; తరువాతి గంటలలో, రోజులలో వాపు వల్ల, ప్రాణవాయువు కొరత వల్ల కలిగే నష్టం మరొకటి. మొదటిది జరిగిపోయినది. రెండవదానిని నివారించడమే వైద్యుని ధ్యేయం. గాయ తీవ్రతను అంచనా వేయడానికి 1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ ఒక కొలమానాన్ని రూపొందించారు. అందులో 15కు 8 గాని, అంతకంటె తక్కువ గాని వస్తే గాయం తీవ్రమైనదని భావిస్తారు. అటువంటి రోగికి శ్వాసనాళంలో గొట్టం అమర్చి, వెంటిలేటర్ ద్వారా ఊపిరి అందిస్తారు.

చిక్కు ఇక్కడే ఉన్నది. యంత్రం వేగంగా ఊపిరి పోస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గుతుంది. అందువల్ల మెదడులోని రక్తనాళాలు కుంచించుకొని, కపాలంలోని ఒత్తిడి తగ్గుతుంది. ఈ మేలును చూచి వైద్యులు ఆ పద్ధతిని చాలాకాలం విరివిగా అనుసరించారు. కాని నాళాలు కుంచించుకొంటే మెదడుకు చేరే రక్తమూ తగ్గుతుంది. ముందుజాగ్రత్తగా ఇట్లు వేగంగా ఊపిరి అందించిన రోగులలో కొందరు 3, 6 నెలల తరువాత తక్కువగా కోలుకొన్నారని 1991లో మ్యూజెలార్ బృందం వెల్లడించింది. ఒత్తిడిని తగ్గించే చికిత్సయే ఊపిరికి కరవు తెచ్చిందన్నమాట.

కనుక మెదడు కణజాలంలోనే ప్రాణవాయువును కొలిచే సాధనం అవసరమైంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని శలాకను మెదడులో అమరుస్తారు. కొలత 20 మిల్లీమీటర్ల పాదరస పీడనం కంటె తగ్గితే వైద్యులు మేల్కొంటారు. వెంటిలేటర్‌లో ప్రాణవాయువు పాలు పెంచుతారు. ఊపిరి వేగాన్ని తగ్గిస్తారు. రక్తపోటును, రక్తహీనతను సరిచేస్తారు. కపాలంలోని ఒత్తిడిని కూడ గమనిస్తూనే ఉంటారు.

ఈ పద్ధతి వల్ల మెదడు ప్రాణవాయువు కొరతకు గురయ్యే సమయం తగ్గినదని 2017లో అమెరికాలో 119 మంది రోగులపై జరిపిన అధ్యయనం తెలిపింది. అయితే 2023లో వెలువడిన ఫ్రెంచి అధ్యయనంలో, 6 నెలల తరువాత రోగుల స్థితిలో స్పష్టమైన మెరుగుదల కనిపించలేదు. అంకె సరియైనంత మాత్రాన మనిషి కోలుకొన్నట్లు కాదు. విజ్ఞానం తన ఆశలను తానే పరీక్షించుకొంటూ ముందుకు సాగుతుంది. శిరస్త్రాణం ధరించి గాయాన్నే తప్పించుకొనడం అన్నిటికంటె మేలైన చికిత్స.

పదాలకు అర్థాలు
కపాలం : పుర్రె
శలాక : సన్నని కడ్డీ
శిరస్త్రాణం : హెల్మెట్

ప్రశ్నలు
1. వేగంగా ఊపిరి అందించడం వల్ల కలిగే మేలు, కీడులను వివరించండి.
2. 2017, 2023 అధ్యయనాల ఫలితాలలోని భేదాన్ని తెలపండి.