పాటయంత్రము పలుకనప్పుడు

1979వ సంవత్సరమున సోనీ వారు వాక్‌మన్‌ను వెలువరించినది మొదలు, చేత నిముడు కాసెట్ యంత్రములు పెక్కిండ్లకు వచ్చినవి. నేడవి బీరువాల అడుగున మూగవై యున్నవి. వానితోపాటు తాతగారి ప్రార్థనయో, అమ్మమ్మ పాడిన కీర్తనయో గల కాసెట్టొకటి యుండవచ్చును. ఆ స్వరమునకు వేరొక ప్రతి లేదు. కావున యంత్రము బాగైనదని తేలువరకు దానిని లోపల పెట్టరాదు. పోయినను చింతలేని కాసెట్టుతోనే పరీక్షింపవలెను.

మొదట బ్యాటరీల గదిని చూడుడు. రేకులపై తెల్లని పొడి పేరుకొన్నచో, అది ఆల్కలైన్ బ్యాటరీనుండి కారిన క్షారము, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కూడి యేర్పడినది. వ్రేళ్లతో ముట్టక, పుల్లకు దూది చుట్టి నిమ్మరసమున ముంచి తుడువవలెను. బుడగలు పొంగును. ఆమ్లము క్షారమును తటస్థపరచుట యనగా నిదియే. పిదప తడిగుడ్డతో తుడిచి బాగుగా ఆరనీయుడు.

మోటారు చప్పుడు వినబడుచు చక్రములు కదలకున్నచో, దోషము సాధారణముగా రబ్బరు బెల్టుది. మేము విప్పిచూచిన యంత్రములలో పెక్కింటి జబ్బు ఇదియే. ఏండ్లు గడచినకొలది బెల్టు సాగును, లేదా తారువలె కరగి కప్పీలకు అంటుకొనును. బ్యాటరీలు తీసివేసి, మరలు విప్పుచు, ఏ మర ఏ రంధ్రమునుండి వచ్చినదో కాగితముపై గీసికొనుడు. ఈ ఓపిక పిల్లలకు తక్కువ, పెద్దలకు మరింత తక్కువ! కరగిన రబ్బరును స్పిరిటుతో శుభ్రముగా తుడిచి, అదే కొలత గల క్రొత్త బెల్టు వేయవలెను. మామూలు రబ్బరు బ్యాండు చాలదా యని కొంద రడుగుదురు. చాలదు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున సమముగా కదలవలెను. బ్యాండు మందము అన్నిచోట్ల నొక్కరీతిగా నుండదు గనుక పాట వణకును.

పాట వినబడియు గోడ కావలినుండి వచ్చినట్లున్నచో, టేపు రాచుకొనిపోవు హెడ్డుపై గోధుమరంగు మడ్డి చేరినదని యర్థము. అది టేపునుండి రాలిన ఐరన్ ఆక్సైడు. స్పిరిటు తడి దూదితో మెల్లగా తుడువుడు, సూదితో గీకరాదు. ప్రక్కనున్న రబ్బరు రోలరునకు నీటి తడి చాలును.

గోడ కరెంటుతో నడచు పెద్ద యంత్రములను పిల్లలు విప్పరాదు.

పరీక్షకు పెట్టిన కాసెట్టు రెండువైపుల చిక్కుపడక తిరిగిన పిమ్మట, దాచుకొన్న కాసెట్టును పెట్టుడు. ఇయర్‌ఫోను రంధ్రమునుండి కంప్యూటరుకు తీగె కలిపి, మొదటిసారి ఆడించునప్పుడే నకలు తీసికొనుడు. పాత టేపు రెండవసారి తెగకుండ నుండునని ఎవరును పూచీపడలేరు.