నకలులోని నిజాయతీ

ఖమ్మం జిల్లాలోని ఎర్రుపాలెం కాజీపేట–విజయవాడ రైలుమార్గంలో, తెలంగాణ సరిహద్దు చెంత ఉన్నది. అక్కడి నుండి విజయవాడ వైపు సాగితే ఆంధ్రప్రదేశ్‌లోని కొండపల్లి వస్తుంది. కొండపల్లి కళాకారులు తరతరాలుగా తెల్లపొణికి కర్రతో దశావతారాలను, ఏనుగు అంబారీలను చెక్కుతున్నారు. పెద్ద రూపాన్ని చేతిలో ఇమిడే బొమ్మగా మలచడం వారి విద్య. ప్రసిద్ధ చలనచిత్రాలలోని వస్తువులకు నకళ్ళు చేసి దాచుకొనే అభిరుచికి కూడా ఇటువంటి నేర్పే ఆధారం.

కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడైన ఎస్.వి.రంగారావు చేతిలోని గదను తెలుగువారు నేటికీ మరువలేదు. అటువంటి గద తెరపై బరువుగా కనిపించాలి. నటుని చేతికి తేలికగా ఉండాలి. దానికి నకలు చేయదలచినవారు ముందుగా దృశ్యాలను నిలిపి పరిశీలించాలి. గదను పట్టిన చేతితో, నటుని ఎత్తుతో పోల్చి కొలతలు కట్టాలి.

తరువాత కొండపల్లి పద్ధతి ఉపకరిస్తుంది. కర్రను తేమ పోయేటట్లు సెగపై ఆరబెట్టి, భాగాలను వేరువేరుగా చెక్కుతారు. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. సుద్ద పూసి ఆరిన పిదప రంగులు వేస్తారు.

అసలు చిక్కు రంగుల దగ్గరే వస్తుంది. ‘మాయాబజార్’ నలుపు తెలుపు చిత్రం. 2010లో విడుదలైన రంగుల ప్రతిలోని వర్ణాలు కంప్యూటరు సాయంతో తరువాత అద్దినవి. కాబట్టి అవి అసలు గద రంగుకు సాక్ష్యం కావు. అటువంటప్పుడు ఆ రంగు ఊహించినదని చెప్పడమే కళాకారుని ధర్మం.

ఈ నియమం వెనుక బలమైన కారణం ఉన్నది. 1941 నాటి హాలీవుడ్ చిత్రం ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో వాడిన డేగ ప్రతిమ 2013లో న్యూయార్కు వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా పలికింది. అసలు వస్తువుకు అంత వెల ఉన్నచోట నకలును అసలుగా అమ్మాలనే ఆశ పుడుతుంది. అందువలన నకలు అడుగున చేసినవారి పేరు, సంవత్సరం, ‘నకలు’ అనే మాట చెక్కాలి. ఆ గుర్తు ఉంటే అది కళాఖండం. దానిని చెరిపి అమ్మితే మోసం. అనుకరణ తప్పు కాదు. అనుకరణను దాచడమే తప్పు.

ప్రశ్నలు
1. సినిమా గదకు నకలు చేసేవారు కొలతలను ఎట్లు నిర్ణయిస్తారు?
2. రంగుల ప్రతి అసలు గద రంగుకు ఎందుకు సాక్ష్యం కాదు?
3. నకలుకు, మోసానికి గల భేదాన్ని వివరింపుము.