సుబోతివ్ గ్రామము

ఐరోపా ఖండమున తూర్పుదిక్కున యుక్రెయిన్ అను విశాలమైన దేశము కలదు. నీపర్ మహానది దాని నడుమ ప్రవహించుచున్నది. అచటి నేల నల్లనిది, మిక్కిలి సారవంతమైనది. తెలుగునాటి నుండి పెక్కుమంది విద్యార్థులు వైద్యవిద్యకై ఆ దేశమునకు వెళ్లుచుండెడివారు. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు దానిపై దండెత్తగా వారిలో చాలమంది స్వదేశమునకు తిరిగి రావలసి వచ్చెను. ఆ దినములలో అచటి పట్టణముల పేర్లు మనకు పరిచితములైనవి. గ్రామములను గూర్చి మనకు తెలిసినది స్వల్పము. చరిత్రలో పేరుగాంచిన సుబోతివ్ అను చిన్న గ్రామమును ఈ పాఠమున దర్శింతము.

సుబోతివ్ చెర్కాసి మండలమున, నీపర్ ఉపనదియగు త్యాస్మిన్ పరిసరములలో నున్నది. వేసవిలో ప్రొద్దుతిరుగుడు పూలు విరిసినపుడు అచటి పొలములు పసుపు ఆరబోసినట్లు కనిపించును. పాతకాలపు పల్లెటిండ్లను అచటివారు ‘హాత’ అందురు. వాటి గోడలకు మట్టి మెత్తి తెల్లని సున్నము పూయుదురు. ఇంటిలో పెద్ద పొయ్యి యుండును. చలికాలమున పిల్లలును వృద్ధులును దానిపై నున్న వెచ్చని అరుగు మీద పరుండెడివారు. ఆదరణీయులైన అతిథులు వచ్చినపుడు అల్లికపని చేసిన తువాలుపై రొట్టెను, ఉప్పును ఉంచి ఎదురేగుట వారి ఆచారము.

పదునేడవ శతాబ్దమున ఈ ప్రాంతము పోలెండు ప్రభువుల యేలుబడిలో నుండెను. సుబోతివ్‌లో బొహ్దాన్ ఖ్మెల్నిత్‌స్కీ అను కొసక్కు యోధునకు తండ్రి నుండి సంక్రమించిన భూమి యుండెను. 1647 ప్రాంతమున ఒక పోలిష్ అధికారి ఆ భూమిని బలవంతముగ ఆక్రమించెను. బొహ్దాన్ న్యాయస్థానమును, రాజును ఆశ్రయించియు న్యాయము పొందలేకపోయెను. అతడు తుదకు నీపర్ దిగువనున్న కొసక్కుల శిబిరమునకు పోయెను. 1648లో వారు అతనిని హెత్మానుగా, అనగా సేనానాయకునిగా ఎన్నుకొనిరి. ప్రభువుల బాధలకు లోనైయున్న రైతులు వేలకొలదిగ అతనితో చేరిరి. ఒక పల్లెటి భూమికై పుట్టిన తగవు ఒక దేశపు తిరుగుబాటుగ మారెను.

విజయము పొందిన హెత్మాను 1653లో తన గ్రామమున ఒక చర్చిని కట్టించెను. దాని గోడలు సుమారు రెండు మీటర్ల మందము కలవి. తుపాకులు పేల్చుటకు వాటిలో రంధ్రములు కూడ నుంచిరి. ప్రార్థనామందిరమే కోటగ ఉపయోగపడవలసిన కాలమది. ఈ చర్చి నేటికిని నిలిచియున్నది. ఆ దేశపు ఐదు హ్రీవ్నియాల నోటుపై ఒకవైపు బొహ్దాన్ రూపమును, రెండవవైపు ఈ చర్చి రూపమును చూడవచ్చును.

1657లో మరణించిన హెత్మానును ఇచటనే ఖననము చేసిరి. అయినను నేడు ఆ సమాధి శూన్యము. 1664లో పోలెండు సేనాని చార్నియెత్‌స్కీ ఈ ఊరిని పట్టుకొని, పగతో సమాధిని త్రవ్వించి అస్థికలను పారవేయించెనని చెప్పుదురు. తరువాతి కాలమున పరిశోధకులు వెదకిరి గాని అవి దొరకలేదు.

బాలురారా! చరిత్రను చదువునపుడు దాని రెండు ముఖములను చూడవలెను. యుక్రెయిన్ ప్రజలు బొహ్దానును తమ స్వాతంత్ర్యవీరునిగ తలంతురు. కాని 1648–49 సంవత్సరములలో ఆ తిరుగుబాటుదారుల చేతులలో వేలకొలది యూదులు, స్త్రీలనక శిశువులనక, వధింపబడిరి. యూదులు ఆ కాలమును నేటికిని శోకముతో స్మరింతురు. 1654లో అతడు రష్యా చక్రవర్తి రక్షణను అంగీకరించుటయు తరువాత గొప్ప వివాదములకు కారణమైనది. రైతుదాసుని కుమారుడైన మహాకవి తరాస్ షెవ్‌చెంకో 1845లో ఈ గ్రామమునకు వచ్చి, చర్చిని, రాతి శిలువలను చిత్రించెను. బొహ్దానుపై గౌరవమున్నను, ఆ ఒప్పందమును ఆ కవి తన కావ్యములలో తీవ్రముగ నిందించెను.

సుబోతివ్ చేరువనే హెత్మానుల రాజధానియైన చిహిరిన్ కలదు. కొండపై నుండిన దాని కోట 1678లో తురుష్కుల ముట్టడిలో నాశనమైనది. సమీపమునగల ఖొలోద్నీ యార్ అడవి పేరునకు ‘చల్లని లోయ’ అని యర్థము. ఆ యడవిలోని మొత్రోనిన్ మఠము 1768 నాటి రైతుల తిరుగుబాటుకు కేంద్రము. ఆనాటి నాయకుడైన మక్సిం జాలిజ్న్యాక్ పేరుగల ఓక్ వృక్షము అచట నున్నది. దాని వయస్సు వేయి సంవత్సరములని చెప్పుదురు. ఆ చెట్టు ఎన్నో సేనలను, ఎన్నో పంటలను చూచియుండును.

పగవారు సమాధిని పాడుచేసిరి గాని ప్రజల జ్ఞాపకమును తుడువలేకపోయిరి. ఆ జ్ఞాపకమును నిజముతో కాపాడుట తరువాతి తరములవారి ధర్మము. తమ పూర్వుల శౌర్యమును కీర్తించువారు వారి వలన దుఃఖపడిన వారిని కూడ తలచుకొనవలెను. మన యూరి కోటను గాని, శిథిలాలయమును గాని చూచునపుడు మనమును ఈ విషయమును మరువరాదు.

ప్రశ్నలు

1. బొహ్దాన్ తిరుగుబాటునకు కారణమేమి?
2. సుబోతివ్ చర్చి గోడలను అంత దళసరిగ నేల కట్టిరి?
3. “చరిత్రకు రెండు ముఖములు కలవు” — ఈ మాటను పాఠము ననుసరించి వివరింపుము.