పశువును సేవించు చేతికి రక్ష

తొలకరితో పచ్చిక మొలకెత్తి, దుక్కిటెద్దులు కాడి క్రిందికి చేరి, చూడి గేదెలు ఒకటొకటిగా ఈనుటకు సిద్ధమగు ఈ దినములలో రైతు చేయి రేయింబవళ్లు పశువు మీదనే యుండును. ఆ వాత్సల్యము జాగరూకతను మరపింపరాదు. ఏలయన పశువులకు సోకు వ్యాధులలో కొన్ని మనుష్యునికిని సంక్రమించును, అవి ప్రవేశించు ద్వారము తరచుగా సేవ చేసిన ఆ చేయియే.

ముందుగా దెబ్బల మాట. పశువు ఇరుప్రక్కలను విశాలముగా చూడగలదు గాని, సరిగా తన వెనుక నున్నదానిని చూడజాలదు. కావున పేరు పెట్టి పిలుచుచు ప్రక్కనుండి భుజము చెంతకు చేరి, మొదట వీపుపై చేయి వేయవలెను. పలుపును మణికట్టుకు చుట్టుకొను అలవాటు మిక్కిలి ప్రమాదకరము. పశువు బెదరి ఉరికిన క్షణమున ఆ చుట్టు బిగిసి, విడువ దలచినను విడువనీయక మనిషిని ఈడ్చుకొనిపోవును. పలుపును మడిచి పిడికిట పట్టినచో తటాలున వదలవచ్చును. అప్పుడే ఈనిన తల్లికిని దూడకును నడుమ నిలువరాదు.

ఇక వ్యాధులలో ఈసుడు రోగము, అనగా బ్రూసెల్లోసిస్, ప్రత్యేకముగా గమనింపదగినది. ఆరవ నెల దాటిన చూడి పశువు ఈసుకొనిపోయి మాయ నిలిచిపోయినపుడు, చేతికి నూనె రాచుకొని లోనికి జొనిపి మాయను లాగుట పల్లెలలో నేటికిని కలదు. ఆ మాయలోను స్రావములలోను క్రిములు అసంఖ్యాకములు; గోటి ప్రక్కనున్న చిన్న చీలిక వానికి చాలును. పిదప జ్వరము తెరలు తెరలుగా వచ్చిపోవుచు, రాత్రి చెమటలతోను కీళ్లనొప్పులతోను మనిషిని నెలల తరబడి కృశింపజేయును. 1887లో మాల్టా ద్వీపమున మరణించిన సైనికుల ప్లీహమునుండి డేవిడ్ బ్రూస్ ఈ జాతి క్రిమిని వేరుపరచగా, అచ్చటి మేకల పచ్చిపాలే దానికి వాహకమని 1905లో తేలినది. కనుక పాలు కాచియే త్రాగవలెను; మాయ పనిని పశువైద్యునికే విడువవలెను; తొడుగులు లేని చేతితో దేనినీ తాకక, పడిన పిండమును మాయను సున్నముతో లోతుగా పూడ్చవలెను; గర్భవతులను ఆ చోటికి రానీయరాదు. 4 మొదలు 8 నెలల వయస్సు గల పెయ్యదూడలకు ఒక్కసారి టీకా వేయించుట ఉత్తమ నివారణము.

హఠాత్తుగా మరణించి, ముక్కునుండియో మలద్వారమునుండియో గడ్డకట్టని నల్లని నెత్తురు కార్చిన పశువును దొమ్మరోగముతో పోయినదిగా శంకించి, కోయక, తోలు ఒలువక, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. కోసినచో గాలి సోకిన ఆ రోగక్రిములు విత్తనములవలె గట్టిపడి దశాబ్దములు నేలలో జీవించును. మేత మ్రింగలేక చొల్లు కార్చు పశువు గొంతులో ఏదో చిక్కినదని నోట చేయి పెట్టరాదు. అది పిచ్చికుక్క కరచిన పశువు కావచ్చును. చొల్లు గాయమునకు తగిలినచో 15 నిమిషములు ధారగా పడు నీటిలో సబ్బుతో కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

పాక స్తంభమునకు పలుపుతో పాటు ఒక జత తొడుగులు వ్రేలాడనిండు. తొట్టి ప్రక్కన సబ్బుబిళ్ల ఉంచుడు. జ్వరముతో వైద్యుని కడకు పోయినపుడు, ఆయన అడుగువరకు వేచియుండక, మా ఇంట గేదె ఈసుకొనిపోయినదని మొదటనే చెప్పుడు. ఆ ఒక్క మాటతో నెలల బాధ తప్పవచ్చును.